గోడ బిందె

ముందు పోయినవాటి లెక్క రాస్తాను.

గుండ్రటి సున్నపు స్తంభాలు ఇరవై రెండు. టేకు తలుపులు పద్నాలుగు జతలు. రెక్కల కిటికీలు పద్దెనిమిది. బర్మా టేకు దూలాలు ముప్ఫై ఒకటి. వాటిలో ఒకటి మొదట్నుంచీ చీలికతో ఉన్నదే, అయినా దూలం దూలమే కదా, దాన్నీ కలిపాను. కడప బండలు పరిచిన వరండాలు రెండు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. హాల్లో ఆరాధన జరిగిన రోజుల్లో కొట్టిన ఇత్తడి గంట ఒకటి. పెంకులు ఎన్నో నాకు తెలియదు. లెక్కపెట్టని అంకె నేను రాయను. ఆఖర్న ఒక బావి. నిజానికి బావి ఎక్కడికీ పోలేదు. ఇవాళ్టికీ అక్కడే ఉంది, అందులో నీళ్ళూ ఉన్నాయి. అయినా దాన్ని పోయినవాటి కిందే రాసుకున్నాను.

ఇది మా పల్లె పక్కనున్న దొరసాని బంగళా సంగతి. అద్దంకి నుంచి దర్శి వెళ్ళే దారిలో, చుట్టూ పత్తి, మిరప చేల మధ్య ఒంటరిగా ఉండేది. మా తాతల కాలంలో మిషను దొర ఒకాయన కట్టించాడు. దొర ఎప్పుడో పోయాడు. దొరసాని ఆయన తర్వాత కొన్నాళ్ళుండి వెళ్ళిపోయింది. ఇల్లు మాత్రం ఆమె పేరు మీదే నిలిచింది. మా చిన్నప్పుడు ఆ హాలే మాకు గుడి, అదే బడి. నేను ఐదో తరగతి దాకా చదివింది ఆ పడమటి వరండాలోనే. మిగతా లెక్కంతా పత్తి మిల్లులో కాటా దగ్గర నాకు నేనే నేర్చుకున్నాను. కొలవడం, తూచడం, కూడడం తప్ప నాకు వేరే విద్య లేదు. అందుకే ఈ బంగళాని కూడా ఆ చూపుతోనే చూశాను.

మాది నల్లరేగడి. కొత్తవాళ్ళకి ఆ నేల సంగతి చెప్పాలి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. నడివేసవిలో చేలో నడిస్తే నెర్రెలో కాలు మోకాలి దాకా దిగుతుంది. ఆ నేల మీద కట్టిన గోడ ఏదైనా పదేళ్ళలో పగలాల్సిందే. మా పల్లెలో పగలని ఇల్లు లేదు. ఊళ్ళో రైతుల మేడలూ అంతే, కాకపోతే వాళ్ళు పగులు మీద మళ్ళీ సున్నం కొట్టించుకుంటారు. దొరసాని బంగళాకి మాత్రం వెంట్రుక మందం పగులు కూడా ఉండేది కాదు. ఇంటి చుట్టూ, గోడని ఆనుకుని మూరన్నర వెడల్పున ఇసుక కాలవ ఉండేది. కాలవంటే పారే కాలవ కాదు. లోతుగా తవ్వి గుండ్లకమ్మ ఏటి ఇసుకతో నింపి, అంచుకి రాళ్ళు పేర్చారు. అది ఎందుకో మాలో ఎవరికీ తెలియదు. అందం కోసమనుకున్నాం.

కాంపౌండులో బావి ఉంది. మా పల్లె చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఊళ్ళో ఒక మంచినీళ్ళ బావి ఉండేది, కానీ దాని గట్టు మేము ఎక్కేవాళ్ళం కాదు. ఎందుకు ఎక్కరని ఎవరూ అడిగేవారు కాదు, మేమూ అడగలేదు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరడుగుతారు? కాబట్టి మాకు తాగే నీళ్ళంటే దొరసాని బావి నీళ్ళే. కందిపప్పు ఉడికేది, టీలో పాలు విరగకుండా ఉండేది ఆ నీళ్ళ వల్లే.

ఆ బావి దగ్గర ఒక ఆచారం ఉండేది. మిరపకాయలు కళ్ళాల్లోకి వచ్చిన నాటి నుంచి తొలకరి పడేదాకా, చేదిన ప్రతి పదో బిందె ఇంటికి పోదు. అది గోడ బిందె. పదోది ఎవరికి పడితే వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి గోడ పక్క ఇసుకలో పొయ్యాలి. ఇవాళ తూర్పు గోడకి పోస్తే రేపు దక్షిణం గోడకి, అలా చుట్టూ. ఈ లెక్క నడిపేది మా మేనత్త. మనిషి పొట్టి, గొంతు మాత్రం మిల్లు కూత. పొద్దున్నే బావి గట్టు మీద కూర్చుని, వక్క నములుతూ బిందెలు లెక్కపెట్టేది. ఆడవాళ్ళు పదోది తమకి పడకుండా ఎన్ని వేషాలో వేసేవారు.

“ఏమే, జడ ఇప్పుడే వేసుకోవాలా?”

“ఊడిపోయిందత్తా.”

“తొమ్మిదో బిందె పైకి రాగానే ఊడుతుందే నీ జడ! రోజూ అంతే. రా, పదోది నీదే.”

“నిన్న కూడా నాకే పడింది!”

“దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు. పొయ్యి.”

అందరూ నవ్వేవారు. జడ ఆవిడ తిట్టుకుంటూ పోసేది. దొరసాని ఆ గోడ వెంట గులాబీలు పెంచేదని, నీళ్ళు తోడుకోనిచ్చినందుకు పదో బిందె వాటికి పొయ్యమందని పెద్దలు చెప్పేవారు. గులాబీలు చచ్చి ఎన్నేళ్ళయిందో తెలియదు. మేము చూసేసరికి ముళ్ళ కంప కూడా లేదు. అయినా బిందె ఆగలేదు. బావి వాళ్ళది, నీళ్ళు ఊరికే తాగకూడదు, అంతే మా మేనత్తకి తెలిసింది.

ఎనభైల మొదట్లో రోడ్డు పక్కన కొత్త చర్చి కట్టారు. దాంతో బంగళా చర్చి కమిటీకి బరువైంది. పెంకులు కారుతున్నాయి, బాగుచేయించే స్తోమత లేదు. ఆ రోజుల్లో మా వైపు పత్తి జోరుగా పండుతోంది. గుంటూరు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన బంగళాని పత్తి గోడౌనుకి అడిగాడు. ఆయన షరతు ఒకటే. లారీలు తిరగాలి కాబట్టి బావి పూడ్చెయ్యాలి. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ పెద్ద ఈ సంగతి చెప్పాడు. ఆయన బళ్ళో మేష్టారుగా చేసి రిటైరైన మనిషి, మాట మెత్తన.

“బంగళా మన కడుపు నింపుతుందా అమ్మా? వచ్చిన డబ్బుతో చర్చికి ప్రహరీ కడదాం. తీర్మానం రాసేశాం” అన్నాడు.

మా మేనత్త ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. “బావి పూడిస్తే పిల్లలకి ఏం పొయ్యాలండీ? మీ తీర్మానం పొయ్యాలా?”

“బోరింగు వేయిస్తాం.”

“బోరింగులో పడేది ఉప్పునీళ్ళేగా. మీరు ముందు ఒక గ్లాసు తాగి చూపించండి, అప్పుడు మేము తాగుతాం.”

గోల లేచింది. ఆ వారం అందరి నోటా బావి మాటే. మిల్లుకి వచ్చే లారీ గుమాస్తా ఒకడు, పాత కట్టడాలు చూసుకునే సర్కారు ఆఫీసు ఒకటుందని, వాళ్ళు బోర్డు పెట్టిన ఇంటిని అమ్మడానికి గానీ కూల్చడానికి గానీ వీల్లేదని చెప్పాడు. మా మేనత్తకి ఆ ఒక్క మాట చాలు. అర్జీ రాయించింది, పల్లె మొత్తం చేత వేలిముద్రలు వేయించింది. నేను మిల్లు టేపు తీసుకెళ్ళి గోడలూ, స్తంభాలూ, దూలాలూ కొలిచి కింద రాశాను. ఈ అంకెలన్నీ అప్పటివే. పల్లె అడిగింది ఇల్లు కాదు. నీళ్ళు. నీళ్ళ కోసం ఇంటిని కాపాడమన్నాం.

కొన్ని నెలలకి ఆఫీసరు వచ్చాడు. ఆయన గురించి చెడ్డగా రాయాలని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. మంచి మనిషి. స్తంభాన్ని దూడ మెడ నిమిరినట్టు నిమిరాడు. గోటితో గీకి, “కోడిగుడ్డు సొన కలిపి రుబ్బిన సున్నం. ఇప్పుడు ఇలా మెత్తే మేస్త్రీ లేడు” అన్నాడు. రెక్కల కిటికీలు మూసి తెరిచి, ఏ కాలంలో గాలి ఎటు నుంచి వస్తుందో చూసి పెట్టారని చూపించాడు. నేను టేపు రెండో కొస పట్టుకుని ఆయన వెంట తిరిగాను. మా బడి ఇంత గొప్పదా అని నాకు ఆ రోజే తెలిసింది.

దక్షిణం గోడ దగ్గర ఆగాడు. ఇసుక తడిగా ఉంది. పొద్దున్నే ఎవరో పదో బిందె పోశారు.

“ఈ తడి ఏమిటి?”

“గోడ బిందెండి” అంది మా మేనత్త. సంగతి చెప్పింది.

“గులాబీలకా? గులాబీలేవమ్మా?”

“చచ్చిపోయాయండి.”

“చచ్చిన మొక్కలకి నీళ్ళు పోస్తున్నారా ఇన్నాళ్ళూ!”

ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. మా మేనత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చేదుగా ఉంటుంది.

“పాత గోడకి తడి విషం. ఇన్నేళ్ళు తట్టుకుందంటే కట్టినవాళ్ళ గొప్పతనం. రేపటి నుంచి చుక్క కూడా పొయ్యకండి” అన్నాడు. ఆ మాట మాకు సబబుగానే తోచింది. తడికి గోడ చెడుతుందని ఎవరికి తెలియదు?

మా మేనత్త అడగాల్సింది అడిగింది. “కంచె వేస్తామంటున్నారు. మరి బావండీ?”

“గేటు తాళానికి రెండు చెవులుంటాయి. ఒకటి మా మనిషి దగ్గర, ఒకటి మీ పల్లెలో. తాగే నీళ్ళు మీకు లేకుండా చేస్తామా అమ్మా?”

బోర్డు వచ్చింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. ఈ కట్టడం రక్షించబడినది, దీనికి హాని చేసినవారు శిక్షార్హులు అని ఉంది. వ్యాపారి వేరేచోట గోడౌను చూసుకున్నాడు. కమిటీ పెద్ద మాతో మాట్లాడడం మానేశాడు. మా మేనత్త బంతిపూల దండ గుచ్చి ఆ బోర్డుకి వేసింది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించి, పిల్లలకి పరమాన్నం పెట్టింది. దాన్ని వండింది ఆ బావి నీళ్ళతోనే.

తర్వాత కంచె వచ్చింది. గోడకి నాలుగైదు గజాల ఎడంగా ముళ్ళతీగ, ఇనుప గేటు, బావి లోపల, దాని మీద ఇనుప జల్లెడ. రెండింటికీ ఒకే చెవి పట్టే తాళాలు, వాటితో వాచ్‌మన్ ఒకడు. దర్శి అవతల నుంచి వచ్చిన మనిషి, పెళ్ళాంబిడ్డలు ఆ ఊళ్ళోనే.

“రెండో చెవి ఏదయ్యా?” అంది మా మేనత్త.

“నాకు ఇచ్చింది ఇదొక్కటే అత్తా. రెండోది ఆఫీసు నుంచి వస్తదన్నారు.”

“వచ్చేదాకా నువ్వు తియ్యి.”

“తీస్తే నా ఉద్యోగం పోద్ది. లోపల మనిషి కనపడకూడదని కాగితం ఇచ్చారు. నన్నేం చెయ్యమంటారు?”

కొన్నాళ్ళు వాడే తోడి కంచె మీదుగా బిందెలు అందించాడు. ఒక మనిషి పల్లె మొత్తానికి ఎన్ని తోడగలడు? నాకు ముందు, నాకు ముందు అని గేటు దగ్గర కొట్లాటలయ్యాయి. బావి గట్టు మీద పదో బిందె తప్పించుకోవడానికి జడ వేసుకున్న ఆడవాళ్ళే, మొదటి బిందె కోసం జుట్టు పట్టుకున్నారు. వాడు భయపడి మానేశాడు. పంచాయతీవాళ్ళు వేసిన బోరింగుతో పల్లె ఉప్పునీళ్ళకి దిగింది. పప్పు ఉడకడం మానేసింది. రెండో చెవి కోసం రాసిన ప్రతి అర్జీకీ పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. అబద్ధం చెప్పను, ప్రతిదానికీ వచ్చింది.

ఆ వేసవిలో బంగళా పగిలింది.

ముందు పడమర గోడ. మిల్లు నుంచి వస్తూ కంచె బయటి నుంచే గీత చూశాను. వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి వెళ్ళి పావలా బిళ్ళ అంచు పెట్టి చూశాను, పట్టింది. పదిహేను రోజుల తర్వాత రెండు బిళ్ళలు పట్టాయి. వాన పడ్డాక కాస్త మూసుకుంది. రెండో వేసవికి పిడికిలి పట్టింది. చేలో నెర్రె గోడ కిందకి వెళ్ళడం కళ్ళారా చూశాను. ఇసుక కాలవ ఎండి, అంచు రాళ్ళు లోపలికి ఒరిగాయి.

ఒక్కచోట మాత్రం పగులు లేదు. ఈశాన్యం మూల, రెండు గోడలూ కలిసేచోట. నాకు నిద్రపట్టలేదు. లెక్కలో ఒక వరుస మిగతావాటితో కలవకపోతే తప్పు అక్కడే దొరుకుతుంది, మిల్లులో నేను నేర్చుకున్నది అదే. మర్నాడు వెళ్ళి చూశాను. ఆ మూల ఒక రాయి ఉంది, రాయి మీద సబ్బు ముక్క. వాచ్‌మన్ రోజూ స్నానం చేసేది అక్కడ.

మా మేనత్తకి చెప్పాను.

“అయితే ఏరా, ఆ ఇంటిని మన బిందెలే నిలబెట్టాయంటావా?”

“నేల ఎండకుండా చూశాయి. నేల కదలకపోతే గోడ కదలదు.”

“మరి దొరసాని ఆ మాట చెప్పొచ్చు కదరా! గులాబీలని ఎందుకు చెప్పింది?”

అసలు దొరసానికే తెలుసో లేదో. ఇసుక కాలవ తవ్వించినవాడికి తెలిసుండాలి.

బస్సెక్కి ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఓపిగ్గా విన్నాడు. పగుళ్ళ కొలతలు చూశాడు. “మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ గోడకి నీళ్ళు పొయ్యమని నేను సంతకం పెట్టలేను. రేపు గోడ పడితే నీళ్ళ వల్లే పడిందంటారు. పైకి రాస్తాను” అన్నాడు. రాశాడో లేదో, ఆర్నెల్లు తిరక్కుండా ఆయనకి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన బంగళాని ఎన్నడూ చూడలేదు.

అప్పుడు మా మేనత్త చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. చెరువు నీళ్ళు చేలోకి పారించే తాటిదోనె, లోపల తొలిచిన తాటిమొద్దు, ఒకటి తెచ్చి తీగ కింద నుంచి తూర్పు గోడ దాకా తోసింది. పల్లె బోరింగు నుంచి ఆడవాళ్ళు ఉప్పునీళ్ళు మోసుకొచ్చి కంచె బయట నిలబడి ఆ దోనెలో పోశారు. లోపల మంచినీళ్ళ బావి నిండుగా ఉంది. దాన్ని దాచుకున్న ఇంటికి బయటి నుంచి ఉప్పునీళ్ళు మోశాం.

“పదోదేనా అత్తా?” అంది జడ ఆవిడ.

“అన్నీ పదోవేనే. పొయ్యి.”

ఆ పూట ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ అటు తిరిగి బీడీ కాల్చుకున్నాడు. ఇల్లు నిలబడితేనే బావి మిగులుతుందని, ఇల్లు పోతే బావిని అడిగే హక్కు కూడా పోతుందని మా మేనత్త లెక్క. అది తప్పు లెక్క కాదు. దోనె మాత్రం తూర్పు గోడకే అందింది.

మూడు వారాలు పోశాం. ఎవరో ఆఫీసుకి కబురంపారు. ఎవరో నాకు రుజువు లేదు కాబట్టి రాయను. ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, రక్షిత కట్టడానికి తడి తగిలించి హాని చేస్తున్నందుకు శిక్ష పడుతుందని. దోనె తీసి రోడ్డు మీద పడేశారు.

ఆ ఏడు తొలకరి ఆలస్యమైంది. వచ్చినప్పుడు ఏకబిగిన మూడు రోజులు కురిసింది. నేల ఒక్కసారిగా ఉబ్బింది. మూడో రోజు మధ్యాహ్నం నేను మిల్లు కాటా దగ్గరుండగా చప్పుడు వినిపించింది, లారీ బోల్తా పడిందనుకున్నాను. వెళ్ళేసరికి పడమర గోడ వరండా మీద పడి ఉంది. నేను గుణింతం దిద్దిన బండలు కనపడలేదు. తూర్పు గోడ, దోనె నీళ్ళు తాగిన గోడ, నిట్టనిలువునా ఉంది. ఈశాన్యం మూల సబ్బు ముక్కతో సహా ఉంది.

ప్రాణనష్టం లేదు. ఆఫీసు నుంచి మనుషులు వచ్చి మిగిలింది ప్రమాదకరమని తేల్చి తూర్పు గోడని కూడా పలుగులతో పడగొట్టారు. తలుపులకీ దూలాలకీ తెల్ల రంగుతో నంబర్లు వేసి, మళ్ళీ కట్టేటప్పుడు తెస్తామని లారీలకి ఎక్కించుకుపోయారు. గంటని గోనెసంచిలో చుట్టారు. మా మేనత్త గేటు దగ్గర నిలబడి అందులో ఒకణ్ణి అడిగింది.

“ఇల్లు పోయింది కదా నాయనా, ఇంక తాళం ఎందుకు?”

“స్థలం రక్షితమే కదమ్మా.”

వాచ్‌మన్‌ని వేరేచోటికి మార్చారు. చెవి వాడితో వెళ్ళింది. తాళం ఉండిపోయింది.

మా మేనత్త ఇప్పుడు లేదు. ఆమె ఎముకలు ఆఖరి ఏళ్ళలో వంగిపోయాయి. బోరింగు నీళ్ళలో ఫ్లోరైడు వల్లేనని డాక్టరు అన్నాడు. కంచె తుప్పు పట్టింది, దూరాలంటే దూరొచ్చు. కానీ తోడే దారి లేదు, బావి మీది ఇనుప జల్లెడకి ఆ చెవే పట్టే తాళం అలాగే ఉంది. కంచె ఇవతలి నుంచి చూస్తే వానాకాలం నీళ్ళు మెరుస్తాయి. మేము డబ్బాలతో నీళ్ళు కొనుక్కుని తాగుతున్నాం. బోర్డు ఉంది. రంగు పోయింది గానీ శిక్షార్హులు అన్న మాట ఇంకా చదవొచ్చు.

స్తంభాలు మట్టిలో కలిశాయి, లెక్కలోంచి కొట్టేశాను. తలుపులూ, కిటికీలూ, దూలాలూ ఎక్కడున్నాయో తెలియదు, అవీ కొట్టేశాను. గంట కొట్టెయ్యడానికి చాలా రోజులు పట్టింది, దాన్నీ కొట్టేశాను. తిరిగి రానివాటిని మోసుకు తిరిగే ఓపిక నాకు లేదు.

ఆ మొదటి ఆఫీసరు తన నోటితో ఒప్పుకున్నది, మా మేనత్త చెవితో విన్నది, నేను టేపు పట్టుకుని పక్కన నిలబడగా అన్నది మాత్రం కొట్టెయ్యలేదు. గేటు తాళానికి రెండో చెవి. ఇవాళ్టికీ మా పల్లెకి రావలసింది అదే. ఒకటి.